‘నేనెవర్ని, చెప్పు’ అని అడగకండి

స్వీట్ల డబ్బా

తలకు ఆపరేషన్ అయిన మనిషి తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి వెళ్ళే రోజున మా ఆసుపత్రిలో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంటివాళ్ళు స్వీట్ల డబ్బా తెచ్చి వార్డంతా పంచేవారు. నర్సులకు, ఆయమ్మలకు, లిఫ్టు దగ్గర కూర్చునే మనిషికి, పక్క మంచాలవాళ్ళకు, అందరికీ. డాక్టరుకు మాత్రం వేరే డబ్బా, కాస్త పెద్దది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా ఇంట్లో స్వీట్లు కొన్న గుర్తు నాకు లేదు. తనకు షుగర్ రావడానికి నా వృత్తే కారణమని మావారు ఇప్పటికీ వాదిస్తారు.

ఎల్బీనగర్‌కీ దిల్‌సుఖ్‌నగర్‌కీ మధ్య, హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో న్యూరోసర్జన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈ నాలుగు మాటలూ ఆ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. ఎన్ని ఆపరేషన్లు చేశాను, ఏ పదవి ఎప్పుడొచ్చింది అనేవి రాయను. అవి నాకే గుర్తులేవు, మీకెందుకు? కత్తి ఎలా పట్టుకోవాలో కూడా చెప్పను. మీ చేతిలో ఉన్న యంత్రాలు మా కాలంలో ఉండుంటే మేమూ ఇంకా బాగా చేసేవాళ్ళం.

మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. స్వీట్లు పంచి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఏం జరుగుతుంది అనేది. నాకు అది నేర్పింది యాదగిరి అనే పేషెంటు, అతని భార్య సుజాత. మాకు స్వీట్లు పంచిన ఆ ఇంటివాళ్ళే, కొన్ని నెలలు తిరిగేసరికి అతన్ని ఇంట్లోంచి పంపించేయడానికి సిద్ధపడ్డారు.

మోచేతికి హెల్మెట్

మా ప్రాంతంలో మనిషి ఒంట్లో అన్నిటికన్నా భద్రంగా ఉండే భాగం మోచెయ్యి. నవ్వులాటకు అనడం లేదు. హెల్మెట్ కొంటారు, మంచిదే కొంటారు, దాన్ని మోచేతికి తగిలించుకుని బండి నడుపుతారు. పోలీసులు ఎక్కడ నిలబడతారో అందరికీ తెలుసు. అక్కడికి కాస్త ముందు నెత్తిన పెట్టుకుంటారు, దాటగానే మళ్ళీ మోచేతికి. ఇంకొందరు పెట్టుకుంటారు గానీ గడ్డం కింద పట్టీ బిగించరు. మనిషి కింద పడే లోపే ఆ హెల్మెట్ తన దారిన తాను ఎగిరిపోతుంది. వెనక కూర్చున్న భార్యకు అసలు హెల్మెట్టే ఉండదు. ఎందుకని అడిగితే ఒక పెద్దమనిషి నాతో, "ఆమె బండి నడుపతలేదు గద మేడమ్, ఉత్తగ కూసుంటది" అన్నాడు. ఆయనతో వాదించే ఓపిక ఆ రోజు నాకు లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. పడితే ఇద్దరూ ఒకే రోడ్డు మీద పడతారు.

యాదగిరిది మన్సూరాబాద్ పాత ఊరు. వాళ్ళ పొలాలు ఎప్పుడో కాలనీలయ్యాయి. అన్నదమ్ములిద్దరూ ప్లాట్లు అమ్మించడం, కొనిపించడం చేసేవారు. అన్న నర్సింహ లెక్కలు చూస్తే తమ్ముడు యాదగిరి మాటలు చూసేవాడు. అలిగినవాణ్ణి కూడా నవ్వించి సంతకం పెట్టించగలడని పేరు. ఆ రోజు కూతురికి డ్రాయింగ్ షీట్లు తేవడానికి వీధి చివరి దుకాణానికి బయలుదేరాడు. "గింత దూరానికి ఎందుకు" అని హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నాడు. పిల్లలు ఆడుకుంటారని కాలనీవాళ్ళు అప్పుడే కొత్తగా స్పీడ్ బ్రేకర్ వేయించారు. దాని మీద తెల్ల గీతలు ఇంకా వేయలేదు.

ఎగిరిపడ్డాడు, నుదురు రోడ్డుకు తగిలింది. లేచి, బట్టలు దులుపుకుని, "ఏం గాలే" అని చుట్టూ చేరినవాళ్ళకు తనే ధైర్యం చెప్పాడు. షీట్లు తెచ్చి కూతురికిచ్చాడు కూడా. కాసేపటికి వాంతి చేసుకుని పడుకున్నాడు. పడుకోనియ్యి, లేస్తే అదే తగ్గుతుంది అని ఇంట్లో పెద్దవాళ్ళన్నారు. తాగి ఉంటాడని నర్సింహ అనుకున్నాడు. సుజాత మాత్రం మాటిమాటికీ వెళ్ళి లేపింది. లేపిన ప్రతిసారీ మాట ఇంకాస్త ముద్దగా వస్తుంటే, ఎవరి మాటా వినకుండా ఆటో ఎక్కించి మా దగ్గరికి తీసుకొచ్చింది.

ఇది చదివేవాళ్ళలో డాక్టర్లు కానివాళ్ళు ఉంటే ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తలకు దెబ్బ తగిలిన మనిషి లేచి నడిచాడు, మాట్లాడాడు అంటే గండం గడిచినట్టు కాదు. పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరుతుంది, ఆ లోపు మనిషి నవ్వుతూనే ఉంటాడు. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, తడబడే మాట, ఒక చెయ్యి బలహీనపడడం, ఫిట్స్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టినందువల్ల ఏ ఉపయోగమూ లేదు. నోట్లో మందు వాసన వచ్చినా సరే, తాగినవాడికీ తల పగులుతుందని గుర్తుపెట్టుకోవాలి.

సుజాత సమయానికి తెచ్చింది కాబట్టి యాదగిరి బతికాడు. గడ్డకట్టిన రక్తం తీశాం. నుదుటి వెనక మెదడు బాగా నలిగి ఉంది, దానికి కత్తితో చేసేదేమీ లేదు, అదే మానాలి. మానింది. పేరు చెప్పాడు, ఏ వారమో చెప్పాడు, ముఖ్యమంత్రి ఎవరో చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడే ఇంటికి పంపేశాం. నర్సింహ వార్డంతా స్వీట్లు పంచాడు.

పెద్ద సారు చాయ్

ఆ చప్పట్లు చూస్తే ఒళ్ళు మండేది ఒక్కరికే, కానీ ఆయన అప్పటికే రిటైరైపోయారు. నేను చేరిన కొత్తలో మా విభాగానికి ఆయనే పెద్ద. పెద్ద సారు అనే పిలిచేవాళ్ళం. నల్గొండ వైపు మనిషి, చెయ్యి బంగారం, నోరు మాత్రం మంచిది కాదు. నేను తెనాలి నుంచి వచ్చినదాన్నని నాకు ప్రత్యేకమైన తిట్లు ఉండేవి. "మీ దిక్కు పిల్లలకు అన్నిటికీ తొందరే" అనేవారు.

ఆయనకొక అలవాటు. పేషెంటును ఇంటికి పంపే ముందు మేం అడగాల్సినవన్నీ అడిగి పక్కకు తప్పుకునేవాళ్ళం. అప్పుడాయన వచ్చి, ఆ మనిషిని వార్డు చివరి చిన్న వంటగదిలోకి తీసుకెళ్ళి, "నాకొక చాయ్ పెట్టు" అనేవారు. గోడకానుకుని చూస్తూ నిలబడేవారు. చాయ్ పెట్టడం చేతకాని మగమహారాజులుంటే నిమ్మకాయ నీళ్ళు కలపమనేవారు. అవతల ఓపీలో జనం ఎదురుచూస్తుంటే ఈయనకు చాయ్ ఏమిటని నేను లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

ఒకసారి ఒక బ్యాంకు ఉద్యోగి మా ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబులు చెప్పాడు. వంటగదిలోకి వెళ్ళాక గిన్నెలో పాలు పోసి, స్టవ్ వెలిగించడం మరిచిపోయి, పొంగు కోసం చూస్తూ ఉండిపోయాడు. పక్కనుంచి సిస్టర్ ఏదో అనగానే విసురుగా ఆ పాలన్నీ సింకులో పారబోశాడు. పెద్ద సారు నా వైపు తిరిగారు.

"పేరు చెప్పుడు సులువమ్మా. వరుసగ నాలుగు పనులు చేసుడు కష్టం. ఇంటికి పోయినంక ఎవ్వరూ ముఖ్యమంత్రి పేరు అడుగరు, పనులే చెప్తరు."

నుదుటి వెనకున్న మెదడు భాగం ఇంటికి మేస్త్రీ లాంటిది. ఇటుకలు, సిమెంటు, పేర్లు, లెక్కలు వేరే చోట ఉంటాయి, అవి బాగానే ఉండొచ్చు. ఏది ముందు, ఏది తరువాత, ఎక్కడ ఆగాలి, ఎదుటివాడి ముఖం చూసి ఏ మాట అనాలి, ఏది మింగాలి అని చూసుకునేది మాత్రం ఆ మేస్త్రీయే. యాదగిరికి దెబ్బ తగిలింది అక్కడే. ఈ సంగతి పుస్తకాల్లో నేనూ చదివాను. కానీ పెద్ద సారు వెళ్ళాక ఆ వంటగదిలో యాజమాన్యం కాఫీ మెషిన్ పెట్టించింది, మంచాలు త్వరగా ఖాళీ కావడం మొదలైంది, మా అందరికీ ఆ వేగం అలవాటైపోయింది. యాదగిరిని ఎవరూ చాయ్ అడగలేదు.

పిచ్చా, పొగరా?

కొన్ని నెలల తరువాత ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయే వేళకు సుజాత వచ్చింది. ఒక్కతే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, మీరు పాణం ఇచ్చిన్రు. మనిషిని ఇయ్యలే" అంది.

నాకు కోపం వచ్చింది. అంత కష్టపడి బతికిస్తే ఇదా నువ్వనే మాట అనిపించింది. "ఏమైందో సరిగ్గా చెప్పమ్మా" అన్నాను, కొంచెం గట్టిగానే.

"పొద్దున లేస్తే మంచిగనే ఉంటడు మేడమ్. పొద్దెక్కంగనే చూడనీకి చుట్టాలు వచ్చుడు షురువైతది. ఇగ అంతే. ఉరుముడు, తిట్టుడు. ఎంత నవ్వుకుంట మాట్లాడే మనిషి, ఎదుటోళ్ళ మొఖం చూసుడే మరిచిండు. మొన్న స్టీలు చెంబు ఇసిరిండు. మా మౌనిక తలకాయ పక్కకెల్లి పోయి గోడకు తాకింది. గా పొల్ల ఇప్పుడు వాళ్ళ నాయనున్న అర్రలకే పోతలేదు."

మౌనిక వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. డ్రాయింగ్ షీట్ల పిల్ల.

"మా బావ, మా ఆయన అన్ననే, అందర్ని కూసోబెట్టి మాట్లాడిండు. ఊరవతల ఏదో ఆశ్రమం ఉన్నదంట, మతి తప్పినోళ్ళను ఉంచుకుంటరంట. వచ్చే ఆదివారం తోల్కపోతరంట. ఒక్కసారి ఆడ ఇడిసిపెట్టినంక మళ్ళ ఎవరు తెస్తరు మేడమ్?" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ నిలదీసింది. "ఒక్కటే అడుగుతున్న. మా ఆయనకు పిచ్చా, పొగరా? ఏదో ఒకటి చెప్పున్రి. పొగరైతే నేను చూసుకుంటా."

ఆ చివరి మాటకు నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "రెండూ కాదమ్మా" అన్నాను.

"స్కాన్ మంచిగున్నదని మీ దవాఖానల్నే అన్నరు గద. స్కాన్ మంచిగుంటే మనిషి ఎట్ల గిట్లయిండు?"

దానికి ఆమె అర్థం చేసుకోగలిగే జవాబు నా గదిలో కూర్చుంటే దొరకదనిపించింది. "రేపు నేనే మీ ఇంటికొస్తాను" అన్నాను. సర్జన్లు ఇళ్ళకు వెళ్ళరు. మా వాళ్ళు విని, మేడమ్‌కి రిటైర్మెంట్ దగ్గరపడింది అనుకుని నవ్వుకున్నారు.

మన్సూరాబాద్ ఇల్లు

గుమ్మం ముందు చెప్పులు చూసి పెళ్ళిచూపులేమో అనుకున్నాను. లోపల గది నిండా జనం. బల్ల మీద అరటిపళ్ళు, బ్రెడ్డు ప్యాకెట్లు, కొబ్బరిబోండాలు. టీవీ గట్టిగా మోగుతోంది, వంటింట్లో కుక్కర్ ఈల వేస్తోంది. మధ్యలో మంచం మీద యాదగిరి.

మన దగ్గర చావు తప్పి ఇంటికొచ్చిన మనిషిని చూడ్డానికి వెళ్ళకపోతే అది మామూలు తప్పు కాదు. "చూడనీకి కూడ రాలే" అన్న మాట పడితే తరతరాలు మిగిలిపోతుంది. అందుకని అందరూ వస్తారు, ప్రేమతోనే వస్తారు. వచ్చి ఊరికే కూర్చోరు, పరీక్ష పెడతారు. నేను వెళ్ళేసరికి హయత్‌నగర్ నుంచి వచ్చిన మేనమామ పరీక్ష పెడుతున్నాడు.

"యాదీ, నేనెవర్ని, చెప్పు."

"మామవు."

"ఏ మామను?"

యాదగిరి కాసేపు వెతుక్కుని, "హయత్‌నగర్ మామవు" అన్నాడు. అందరూ సంబరపడ్డారు. వెంటనే ఒక పెద్దావిడ ముఖంలో ముఖం పెట్టి, "మరి నేనో?" అంది. ఆమెకు జవాబు వచ్చేలోగా ఇంకెవరో సెల్‌ఫోన్ తెచ్చి కళ్ళ ముందు పెట్టారు. "దుబాయ్ బావ లైన్ల ఉన్నడు, చూడు. గుర్తువట్టినవా?"

నేను అతని ముఖం చూడలేదు, చెయ్యి చూశాను. మంచం పట్టె పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోతున్నాయి. గదిలో కాసేపు కూర్చున్న నాకే తల పగిలిపోతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, నెలల తరబడి, నలిగిన మెదడుతో ఆ మనిషి ఈ పరీక్ష రాస్తున్నాడు. వార్డులో మేం పేరు, వారం, ముఖ్యమంత్రి అడిగి చప్పట్లు కొట్టామా, ఇంటివాళ్ళు దాన్నే ఇంటికి తెచ్చుకున్నారు.

"టీవీ ఆపండి. అందరూ బయటికి నడవండి" అన్నాను, ఆపరేషన్ థియేటర్‌లో వాడే గొంతుతో. అందరూ ముక్కున వేలేసుకున్నారు. "డాక్టరమ్మ గింత గయ్యాళిదా?" అని ఆ పెద్దావిడ గొణుక్కుంటూనే లేచింది. అవునమ్మా అన్నాను.

గది నిమ్మళించింది. యాదగిరి వేళ్ళు మెల్లగా పట్టు వదిలాయి. అప్పుడు పెద్ద సారు గుర్తొచ్చారు. "యాదగిరి గారూ, నాకొక చాయ్ పెడతారా?" అన్నాను. అతను లేచి వంటింట్లోకి నడిచాడు. సుజాత, నర్సింహ, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఎవరినీ మాట్లాడనివ్వలేదు. నెమ్మదిగా గిన్నె పెట్టాడు, స్టవ్ వెలిగించాడు, పాలు పోశాడు, టీ పొడి వేశాడు. చక్కెర డబ్బా చేతిలో పట్టుకుని చాలాసేపు ఆగిపోయాడు. సుజాత ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను. కాసేపటికి తనే గుర్తు తెచ్చుకుని చక్కెర వేశాడు. వడకట్టి గ్లాసు నా చేతికిచ్చాడు. చాయ్ బాగుంది.

సుజాత ముఖం వెలిగింది. నర్సింహ ముఖం మాత్రం ఎర్రబడింది.

"చూసిన్రా మేడమ్! అంత మంచిగనే చేస్తుండు. అంటే మమ్మల్ని చూస్తేనే వేషాలు. కావాలని చేస్తుండు వీడు!"

ఆ మాటకు మీరు సిద్ధంగా ఉండాలి. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. మాటల్లో చెబితే దీనికి జవాబు ఎక్కదు. నేను నర్సింహను తీసుకెళ్ళి తమ్ముడి మంచం మీద కూర్చోబెట్టాను. యాదగిరిని వెనక దొడ్డిలో నీడన కూర్చోమని పంపాను.

"నర్సింహ గారూ, ఇక్కడి కాలనీలన్నీ మీకు కంఠతా వచ్చట కదా?"

"కండ్లు మూసుకొని చెప్త మేడమ్."

"అయితే ఇక్కణ్ణించి హయత్‌నగర్ డిపో దాకా వచ్చే కాలనీల పేర్లు వరుస తప్పకుండా చెప్పండి" అన్నాను. ఆయన మొదలుపెట్టగానే టీవీ పెట్టాను, బయటివాళ్ళను లోపలికి పిలిచాను. అందరూ ఒక్కొక్కరుగా వెళ్ళి ఆయన్ని ‘నేనెవర్ని’ అని అడగాలని చెప్పాను. వాళ్ళకు ఆ పని మహా సరదాగా అనిపించింది. మేనమామ భుజం తట్టి అడిగాడు. పెద్దావిడ గడ్డం పట్టుకుని అడిగింది. నర్సింహ వరుస తప్పాడు, మళ్ళీ మొదటికొచ్చాడు, మళ్ళీ తప్పాడు. దుబాయ్ బావ ఫోను ముఖం ముందుకు వచ్చేసరికి మంచం మీద ఫట్‌మని ఒక్కటి చరిచాడు.

"అరే, జర ఆగున్రి! ఒక్కొక్కరు మాట్లాడున్రి! దిమాగ్ ఖరాబ్ చేస్తున్నరు!"

నేను టీవీ ఆపాను.

"మీ తలకు దెబ్బేమీ తగల్లేదు నర్సింహ గారూ. అయినా ఎంతసేపు ఓర్చుకున్నారు? మీకు ‘ఆగండి’ అనే మాట దొరికింది. మీ తమ్ముడికి ఆ సమయానికి మాట దొరకలేదు, చెంబు దొరికింది."

ఆయన తలొంచుకున్నాడు. "ఆశ్రమం వద్దంటరా మేడమ్?" అన్నాడు.

"అక్కడ ఇంతకన్నా గోల ఉంటుంది. ఇంట్లోనే ఆ గోల తగ్గించండి."

"దసరా దాంక చూస్తా. మౌనికకు ఏమన్న అయితే మాత్రం నేను ఊకోను" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. పిల్ల తల పక్కనుంచి చెంబు వెళ్ళిన మాట నిజం. మళ్ళీ చెయ్యి లేస్తే పిల్లను తీసుకుని బయటికి వెళ్ళిపోవాలని, వెంటనే నాకు ఫోన్ చేయాలని సుజాతకు నేనూ గట్టిగానే చెప్పాను.

గేటు దగ్గర కుర్చీ

ఆ ఇంటికి నేను రాసిన మందు చాలా చిన్నది. ‘నేనెవర్ని’ అని ఎవరూ అడగకూడదు. వచ్చినవాళ్ళు ముందు తమ పేరు తామే చెప్పుకోవాలి. ఒకరి తరువాత ఒకరు రావాలి, కాసేపు కూర్చుని వెళ్ళాలి. అతని చెయ్యి పట్టె మీద బిగిస్తే మాట ఆపేసి లేచిపోవాలి. మధ్యాహ్నం నిద్ర పోనివ్వాలి. మౌనికను నాన్న దగ్గరికి వెళ్ళమని ఎవరూ తోయకూడదు, ఎప్పుడు వెళ్ళాలో ఆ పిల్లే చూసుకుంటుంది.

నర్సింహ ఏ పని చేసినా సగం చేసే రకం కాదు. మర్నాడే గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట, "నీ పేరు నువ్వే చెప్పు, పరీక్ష పెట్టకు." చుట్టాలు అలిగారు. తమ్ముడికి తగిలిన దెబ్బకు అన్నకు మతి పోయిందన్నారు. ఆయన చెవికెక్కించుకోలేదు. ఆ సంగతులన్నీ సుజాత ఓపీకి వచ్చినప్పుడల్లా నాకు నవ్వుతూ చెప్పేది.

ఒకరోజు మాత్రం నవ్వకుండా చెప్పింది. ఆ సాయంత్రం యాదగిరి ఒక్కడే గదిలో ఉన్నాడట. మౌనిక వచ్చి గుమ్మంలో నిలబడింది. పెదనాన్న గేటు దగ్గర అందరికీ చెప్పేది రోజూ వింటోంది కదా, తలుపు పట్టుకుని, "నేను మౌనికను నాయనా" అందట.

"నువ్వు మౌనికవని నాకు తెల్వదా బిడ్డా" అని యాదగిరి నవ్వాడట. నవ్వుతూనే భోరుమన్నాడట. పిల్ల వెళ్ళి పక్కన కూర్చుంది. అది చెబుతూ సుజాత ఏడ్చింది, ఆ రోజు నా ఓపీ గది తలుపు కాసేపు మూసే ఉంచాను.

దసరా వచ్చింది, వెళ్ళింది. ఆశ్రమం మాట ఎవరూ ఎత్తలేదు.

అంతా మునుపటిలా అయిపోయిందని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. ప్లాట్ల బేరాలకు యాదగిరి మళ్ళీ వెళ్ళలేదు. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట ఇప్పటికీ నిలవలేడు. కోపం వస్తుంది, కాకపోతే వస్తున్నట్టు ముందే తెలుసుకుని లేచి వెళ్ళడం నేర్చుకున్నాడు. ఇంటి వెనక మిగిలిన కాస్త స్థలంలో బర్రెలను పెట్టారు, వాటి పని మొత్తం అతనిదే. "బర్రెలు నేనెవర్నని అడుగవు మేడమ్" అంది సుజాత. ఇంతకన్నా చిన్న దెబ్బకే చెదిరిపోయిన ఇళ్ళు నేను చూశాను. ఈ ఇంట్లో సుజాత లాంటి మొండి మనిషి, నర్సింహ లాంటి ఇంకో మొండి మనిషి ఉన్నారు కాబట్టి నిలబడింది. ఆ బలం అన్ని ఇళ్ళకూ ఉండదు, లేని చోట ఆ పని మీరు చేయాలి.

చదవలేని పిల్ల

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే చైతన్యపురి హాస్టళ్ళు ఉన్నంతకాలం ఇది మీకు వస్తూనే ఉంటుంది. ఒక కోచింగ్ విద్యార్థిని బాత్‌రూమ్‌లో జారి తల వెనక కొట్టుకుంది. స్కాన్‌లో ఏమీ లేదు. మాత్ర వేసుకుని మర్నాడే క్లాసుకు వెళ్ళింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి, వెలుగు చూస్తే తలనొప్పి. బద్ధకమని హాస్టల్‌వాళ్ళు, భయమని స్నేహితురాళ్ళు తేల్చేశారు. వాళ్ళ నాన్నగారు భీమవరం నుంచి నాకు ఫోన్ చేశారు.

"స్కాన్ బాగానే ఉందన్నారు కదండీ. మరి చదవడానికి దానికేం రోగమండీ?"

"కాలు బెణికితే ఎక్స్‌రేలో ఏమీ కనిపించదండీ. అయినా పరుగెత్తమంటారా?" అన్నాను. ఆయన "అలా చెబితే అర్థమైందండీ" అన్నారు. ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఆ తరువాత కొంచెం కొంచెంగా చదువు, తలనొప్పి పెరిగితే ఆపడం. అన్నిటికన్నా ముఖ్యం, అది మానేలోపు తలకు మళ్ళీ దెబ్బ తగలకుండా చూసుకోవడం. ఆ పిల్ల తేరుకుంది. స్కాన్ బాగుందని చెప్పినంత మాత్రాన మన పని అయిపోదు. మనిషి బాగున్నాడో లేదో వేరేగా చూడాలి.

పెద్ద సారు పద్ధతిని మళ్ళీ తెచ్చాను. కాఫీ మెషిన్ పక్కనే చిన్న కరెంటు స్టవ్ పెట్టించాను. యాజమాన్యం సణిగింది, నేనూ సణిగాను. వాళ్ళతో నేను గెలిచిన యుద్ధం అదొక్కటే, కాబట్టి గొప్పగానే చెప్పుకుంటాను. మీరు చేరాక అది అక్కడ లేకపోతే గొడవ పెట్టుకోండి.

మెట్రో మెట్ల దగ్గర

ఈ మధ్య చైతన్యపురి మెట్రో మెట్లు దిగి నిలబడ్డాను. కోచింగ్ వదిలే వేళ, రోడ్డంతా పిల్లలు, ఆటోలు, హారన్లు. స్కూటరు ఒకటి పక్కకు వచ్చి ఆగింది. నడుపుతున్న అమ్మాయికీ, వెనక కూర్చున్న నెరిసిన జుట్టు మనిషికీ ఇద్దరికీ హెల్మెట్లున్నాయి, పట్టీలు బిగించి ఉన్నాయి. ఆయన దిగి, హెల్మెట్ తీసి, నవ్వుతూ నా దగ్గరికొచ్చాడు.

నాకు అతనెవరో తెలియలేదు. ఈ మధ్య ముఖాలు వెంటనే గుర్తుకు రావడం లేదు. రోడ్డు మీద కనిపించే పాత పేషెంట్లందరూ అడిగేది ఒకటే, "గుర్తుపట్టారా మేడమ్?" నేను ‘ఎందుకు గుర్తుపట్టను’ అని అబద్ధమాడి, వాళ్ళ మాటల్లో ఆనవాలు దొరుకుతుందేమోనని తంటాలు పడతాను. ఇప్పుడూ ఆ అబద్ధానికే సిద్ధపడ్డాను.

అతను ఒక్క క్షణం నా ముఖం చూశాడు.

"నేను యాదగిరిని మేడమ్. మన్సూరాబాద్. గీమె మా మౌనిక" అన్నాడు.

అంత గోలలో, ఎదుటి మనిషి ముఖం చూసి, ఆమె ఇబ్బంది కనిపెట్టి, ఆ ఇబ్బంది పెట్టకుండా తన పేరు తానే చెప్పాడు. ఆ దెబ్బతో అతనిలో పోయిందని మేమందరం అనుకున్నది సరిగ్గా అదే. నడిరోడ్డు మీద నాకు కళ్ళు నిండిపోయాయి. ఆ సమయానికి నా చేతిలో స్వీట్ల డబ్బా లేదు గానీ, ఉండుంటే మెట్రో స్టేషనంతా పంచేదాన్ని.